ఎండలో, రాళ్లలో తప్పిపోయిన మనిషిని మ్యాపు చూసి ఎలా వెతకాలి?

మీరు అడిగింది ఇది: అమెరికా ఎడారుల్లో తప్పిపోయినవాళ్లను కొందరు ఏళ్ల తర్వాత మ్యాపులు ముందేసుకుని వెతికి పట్టుకున్నారని చదివారు. అదెలా కుదిరింది, ఎండాకాలంలో మన నల్లమలకు ఆ పద్ధతి పనికొస్తుందా? మీ దోస్తులు ఏటా నల్లమల లోయలోని శివుడి గుడి దగ్గర జరిగే సలేశ్వరం జాతరకు పోతుంటారు కాబట్టి అడుగుతున్నానని కూడా రాశారు.

పనికొస్తుంది. ఎడారికీ మన అడవికీ తేడాలున్నాయి, అవీ చెప్తాను, కానీ అసలు పని ఒకటే. మ్యాపులో మనిషి కోసం వెతకొద్దు, అతను దారి తప్పిన చోటు కోసం వెతకాలి. "ఇప్పుడు ఎక్కడ ఉండొచ్చు" అని మొదలుపెడితే మ్యాపు మొత్తం అనుమానమే. "ఎక్కడ తప్పు మలుపు తిరిగాడు" అని మొదలుపెడితే రెండు మూడు చోట్లు మిగులుతాయి. అక్కడి నుంచి నేల అతన్ని ఎటు తీసుకుపోతుందో, ఎక్కడ ఆపేస్తుందో మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు చాలావరకు చెప్పేస్తాయి.

నా సంగతి చెప్పాలి కదా. అచ్చంపేట వైపు అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. బీట్ (ఒక గార్డు చూసుకునే అడవి ముక్క) మ్యాపులు, మంటలు పాకకుండా శుభ్రం చేసి ఉంచే ఫైర్ లైన్ల మ్యాపులు చూసుకోవడం నా పని, అందుకే ఎవరైనా తప్పిపోతే టోపోషీటు (ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) చేతికిచ్చి జీపులో ముందు నన్నే కూర్చోబెట్టేవారు. ఎడారి కేసులు మాత్రం చదివి తెలుసుకున్నవే.

ఖాయంగా తెలిసింది వేరు, అనుకున్నది వేరు. వెతకడానికి వచ్చిన రోజు ఇంటివాళ్లు చెప్పే మాటల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. "గుడి దగ్గర చూసినం" అనేది ఖాయం. "అక్కడి నుంచి బండి దగ్గరికే పోయి ఉంటడు" అనేది ఊహ. నేను ఖాయంగా తెలిసినవాటిని పెన్నుతో, మిగతావాటిని పెన్సిలుతో మ్యాపు మీద పెట్టేవాణ్ణి. పెన్ను గుర్తుల్లో అన్నిటికన్నా చివరిది మనకు మొదటి చోటు. ఆగి ఉన్న బండి, టైము పడిన ఫోటో, వాట్సాప్‌లో చివరిసారి ఆన్‌లైన్ ఉన్న సమయం, మజ్జిగ పోసినవాళ్ల మాట, ఇవన్నీ పెన్నుకు పనికొస్తాయి. ఆ చివరి గుర్తు ఒక కిలోమీటరు అటో ఇటో జరిగితే వెతకాల్సిన లోయే మారిపోతుంది.

ఒక జాతరప్పుడు అలాగే జరిగింది. కల్వకుర్తి వైపు ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కనబడలేదు. జనమంతా కింద లోయలోకే దిగి వెతుకుతున్నారు, ఎందుకంటే చూడగానే భయం పుట్టించేది లోయే. కానీ దారిలో నీళ్లు పోస్తున్న పిల్లల్ని అడిగితే, ఆయన దర్శనం చేసుకుని తిరిగి ఎక్కుతున్నప్పుడు తామే నీళ్లిచ్చామన్నారు, తలగుడ్డ రంగుతో సహా చెప్పారు. అంతే, లోయ మొత్తం లెక్కలోంచి పోయింది. ఇక మిగిలింది పైన బాట చీలే చోటు.

చీలే చోటుకు వెళ్లినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. తిరుగు ప్రయాణంలో ఏ వైపు ముఖం పెట్టి నడుస్తాడో అటే మీరూ ముఖం పెట్టి చూడాలి. పోయేటప్పుడు ఆ చీలిక కనిపించనే కనిపించదు, రెండు బాటలు వెనక నుంచి వచ్చి కలుస్తాయి, మనం ముందుకు చూస్తూ పోతాం. వచ్చేటప్పుడు అదే చోటు రెండు దారులుగా విడిపోతుంది, అందులో గొడ్డుబాటే వెడల్పుగా, నున్నగా, సూటిగా కనిపిస్తుంది, అసలు బాట రాళ్లలో పక్కకు తిరిగి ఉంటుంది. ఎడారిలోనూ ఇంతే: కాలిబాట ఎండిపోయిన వాగును దాటే చోట ముందు పోయినవాళ్లు తప్పిపోయి వేసిన అడుగులు వాగులోకి ఉంటాయి, వెనక వచ్చినవాడు వాటినే బాట అనుకుంటాడు. వీలైతే అతను అక్కడికి చేరిన టైముకే మీరూ అక్కడ నిలబడండి, సాయంత్రం ఎదురెండలో మనిషికి కనిపించేది పొద్దున కనిపించేదానికి పూర్తిగా వేరు.

ఇప్పుడు నేల సంగతి. నల్లమల పైభాగం చాలాచోట్ల బల్లపరుపుగా ఉంటుంది, అంచుకు వచ్చేసరికి పలకలు పలకలుగా ఉండే గట్టి రాయి తెగిపడుతుంది. కింద శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. పైన బల్లపరుపు నేల అంతకంటే ఎంతో ఎత్తు. ఆ తేడా అంతా అంచు దగ్గర కొద్ది దూరంలోనే దిగిపోవాలి. అందుకని పైన ఒర్రె, అంటే చిన్న వాగు, ఎంత మెత్తగా మొదలవుతుందంటే పిల్లలు కూడా నడిచిపోతారు, కొంత దూరం పోయాక నడుము లోతు మెట్టు, తర్వాత నిలువెత్తు మెట్టు, ఆ తర్వాత నిలువుగా తెగిన గోడ. వానాకాలం అయితే అది జలపాతం. ఎండాకాలం ఉత్త బండ.

తప్పిపోయినవాడు ఆ ఒర్రెలోకే ఎందుకు దిగుతాడంటే, ముళ్లపొదల్లో నడవలేడు, దాహంగా ఉంటుంది, కింద నీళ్లు ఉంటాయని ప్రతి మనిషికీ తెలుసు. నిలువెత్తు మెట్టు నుంచి జారుతూ దిగగలడు, తిరిగి ఎక్కలేడు. రెండు మెట్ల మధ్య చిక్కుకుపోతాడు. ఆ పెద్దాయన కూడా సరిగ్గా అలాంటి చోటే దొరికాడు, రెండో మెట్టు పైన బండ నీడలో కూర్చుని, తెగిన చెప్పు పక్కన పెట్టుకుని, బాగానే ఉన్నాడు. అప్పటికే పొద్దుటి నుంచి వందల మంది ఆయన పేరు పెట్టి అరుస్తున్నారు. ఆయనకు ఒక్క కేకా వినబడలేదట, రాతి గోడల మధ్య శబ్దం పైనుంచే దాటిపోతుంది.

ఇక్కడ మ్యాపు చేసే మోసం ఒకటుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటులో మామూలుగా కాంటూరుకూ కాంటూరుకూ మధ్య 20 మీటర్లు. అంటే 15 మీటర్ల నిలువు గోడ రెండు గీతల మధ్య ఇమిడిపోయి అసలు కనబడకుండా ఉండొచ్చు. ఐదంతస్తుల మేడ ఎత్తు అది. ఇస్రో వాళ్ల భువన్ సైటులోనో ఇంకోచోటో దొరికే, 30 మీటర్లకొక చోట ఎత్తు చెప్పే డేటా కూడా ఆ గోడను నున్నటి వాలుగా చూపిస్తుంది. కాబట్టి టోపోషీటులో ఒర్రె గీత గుండా కిందికి పోతూ, గీతలు దగ్గరపడే చోట ఆగి, గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు తిప్పి చూడండి. పొద్దున తీసిన చిత్రంలో సన్నటి నల్ల నీడ ఒర్రెకు అడ్డంగా పడితే అక్కడ గోడ ఉన్నట్టే. అలాంటి ప్రతి గోడ పై అంచూ మీ జాబితాలో మొదట ఉండాలి, కింది అంచు దాని తర్వాత. ఎందుకు తర్వాత అని అడక్కండి.

ఇక మీరు చదివిన ఎడారి కేసు. 1996 జులైలో నలుగురు జర్మన్ పర్యాటకులు, ఇద్దరు పెద్దలు ఇద్దరు పిల్లలు, కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో కనబడకుండా పోయారు. అద్దెకు తీసుకున్న వ్యాను అక్టోబరులో ఒక కనుమలో టైర్లు పోయి దొరికింది. మనుషులు దొరకలేదు. 2009లో స్వచ్ఛందంగా వెతికే ఒకాయన పెద్దవాళ్ల అవశేషాలను కనుక్కున్నాడు, అదీ ఎవరూ పెద్దగా చూడని దక్షిణం వైపు. ఆయన చేసింది ఒక్క ముక్కలో చెప్పాలంటే, తన దగ్గరున్న మంచి మ్యాపు పక్కన పెట్టి వాళ్ల చేతిలో ఏ మ్యాపు ఉండి ఉంటుంది అని ఆలోచించాడు. ఆ మ్యాపులో దక్షిణాన సైనిక స్థావరం సరిహద్దు దగ్గరగా కనిపిస్తుంది. యూరప్ నుంచి వచ్చినవాళ్లకు సైనిక స్థావరం అంటే కంచె, గస్తీ, మనుషులు. నిజానికి ఆ సరిహద్దు దగ్గర ఎడారి తప్ప ఏమీ లేదు. తెలిసినవాళ్లు ఎవరూ అటు పోరు కాబట్టి మొదట వెతికినవాళ్లు అటు అంతగా చూడలేదు.

మన దగ్గర ఆ మ్యాపు ఏది? చేతిలోని ఫోనే. మీ దోస్తు అడవిలో ఫోను తీస్తే నెట్ లేకపోయినా నీలం చుక్క కనిపిస్తుంది, చుట్టూ పచ్చటి ఖాళీ, ఒక మూలన హైదరాబాద్ - శ్రీశైలం రోడ్డు ఒక గీతలా. బాటలు ఉండవు, లోయలు ఉండవు. "రోడ్డు రెండు కిలోమీటర్లే" అనుకుని గీత గీసినట్టు పోతాడు, మధ్యలో లోద్ది, అంటే లోతైన లోయ, ఉందని ఆ తెర మీద ఎక్కడా లేదు. అందుకే కుర్రాళ్లు తప్పిపోతే నేను మొదట అదే యాప్ తెరిచి, వాళ్లు నిలబడిన చోటు నుంచి రోడ్డుకు సూటి గీత గీసి, ఆ గీత ఏ లోయ అంచును తాకుతుందో చూస్తాను. పెద్దవాళ్లు అలా పోరు, వాళ్లు బాటనో ఒర్రెనో పట్టుకుంటారు. ఇది అందరికీ వర్తించే సూత్రం కాదు, నేను చూసినంతలో మాట.

చుట్టూ తిరిగి తిరిగి అక్కడికే వస్తారంటారు కదా, అదీ సగమే నిజం. 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు మనుషుల్ని సహారాలోనూ, ఒక దట్టమైన అడవిలోనూ నడిపించి జీపీఎస్‌తో చూశారు. సూర్యుడో చంద్రుడో కనబడినంతసేపు దాదాపు సూటిగానే నడిచారు, మబ్బు పట్టినప్పుడూ చంద్రుడు అస్తమించాకా వంకరపోయారు. మన ఎండాకాలంలో ఆకురాలి ఆకాశం తెరిచే ఉంటుంది కాబట్టి, పగలు తప్పిపోయినవాడు చుట్టూ తిరగడం కంటే తప్పు దిక్కులో చాలా దూరం సూటిగా పోవడానికే అవకాశం ఎక్కువ.

ఫోను సిగ్నల్ గురించి. సిగ్నల్ దొరికిందంటే చోటు దొరికిందని ఇంటివాళ్లు అనుకుంటారు, కాదు. టవరు చెప్పేది తన నుంచి ఎంత దూరమో, ఏ వైపో. పాత 2జీలో ఆ దూరం సుమారు 550 మీటర్ల మెట్లలో వస్తుంది, అంటే మ్యాపు మీద అది చుక్క కాదు, అర కిలోమీటరుకు పైగా వెడల్పున్న వంపు పట్టీ. 2010లో కాలిఫోర్నియాలోనే జాషువా ట్రీ పార్కులో ఒకాయన తప్పిపోతే, కొన్ని రోజులకు ఆయన ఫోను ఒక టవరుకు తగిలింది, దూరం సుమారు 17 కిలోమీటర్లని లెక్క వచ్చింది. ఆ వంపు పట్టుకుని ఏళ్లపాటు ఎందరో నడిచారు. 2022లో గానీ అవశేషాలు దొరకలేదు.

ఆ పట్టీని అలాగే నమ్మకుండా నేలతో కలిపి చూడాలి. గుట్టల్లో సాధారణంగా టవరు కంటికి కనిపించే చోటే సిగ్నల్ అందుతుంది. గూగుల్ ఎర్త్‌లో గానీ క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో గానీ టవరు నుంచి ఏ నేల కనిపిస్తుందో రంగు వేసుకోవచ్చు. ఆ రంగు, ఆ పట్టీ రెండూ కలిసిన చోట్లు సాధారణంగా గుట్టల నెత్తులు, అంచులు. కొన్నిసార్లు ఎదురు గుట్టకు తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ దూరాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది, కాబట్టి పట్టీకి లోపలి వైపు కూడా కాస్త చోటు వదలండి. ఈ వివరాలు మనకు నేరుగా ఇవ్వరు, పోలీసుల ద్వారానే రావాలి, అందుకే కేసు పెట్టడం రేపటికి వాయిదా వేయొద్దు.

"ఆ వైపు చూసేశాం" అనే మాట నమ్మొద్దు. నా దృష్టిలో వెతుకులాటలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములను వెతకడానికి అమెరికా నావికాదళం కోసం కూప్‌మన్ అనే గణిత శాస్త్రవేత్తా ఆయన తోటివాళ్లూ కట్టిన లెక్క ఇప్పటికీ దీనికి ఆధారం. తేలిక ఉదాహరణ. ఒక లోయలో మనిషి ఉండే అవకాశం 50 శాతం అనుకున్నారు. అక్కడ మీ జట్టు నడిచింది, నిజంగా అతను అక్కడుంటే మీ కంట పడే అవకాశం 60 శాతమే, పొదలు అలా ఉన్నాయి. దొరకలేదు. ఇప్పుడు ఆ లోయ అవకాశం సున్నా కాదు, సుమారు 29 శాతం. మిగతా ప్రాంతం 50 నుంచి 71కి పెరిగింది. రేపు అదే లోయను మళ్లీ చూడాలా కొత్తది చూడాలా అన్నది ఈ అంకెలు చూసి తేల్చాలి, ఎవరి గొంతు పెద్దది అన్నదాన్ని బట్టి కాదు.

రాచకొండ గుట్టల్లాంటి గ్రానైటు గుండ్ల మధ్య అయితే ఆ 60 ఇంకా పడిపోతుంది. అక్కడ కాలు మడతపడి గుండ్ల సందులో పడిపోయిన ఒక కుర్రాడి పక్క నుంచే జట్టు దాటిపోయింది, వెనక వచ్చిన జట్టు కేక వేసి, ఆగి, మళ్లీ వేస్తేనే దొరికాడు. అరిచిన తర్వాత నిశ్శబ్దంగా ఉండటం మనోళ్లకు చేతకాదు, ఒకరు పిలుస్తుంటే ఇంకొకరు ఫోనులో మాట్లాడుతుంటారు. అందుకే ప్రతి జట్టులో ఒకరి ఫోనులో జీపీఎస్ ట్రాక్ ఆన్ చేయించండి. సాయంత్రం ఆ గీతలన్నీ ఒకే మ్యాపు మీద వేస్తే అందరూ ఒకే బాట మీద నడిచారనీ, నడుమ పెద్ద ఖాళీ ఉందనీ చాలాసార్లు తేలుతుంది.

ఎండ విషయం. 40 డిగ్రీలు దాటిన ఎండలో నడిచే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోతుంది, నీళ్లు లేకపోతే ఎక్కువ దూరం పోలేడు, బుర్ర కూడా సరిగా పనిచేయదు. కాబట్టి పది దాటాక నీడ కోసం చూస్తాడు: బండ కింద, చెట్టు మొదట్లో, గుహలో. హెలికాప్టరుకూ డ్రోనుకూ కనబడని చోట్లన్నమాట. టైగర్ రిజర్వులో డ్రోను ఎగరేయాలంటే అనుమతి కావాలి, అది వచ్చినా మధ్యాహ్నం థర్మల్ కెమెరా దండగ. బండలు మనిషి ఒంటికన్నా వేడిగా ఉంటాయి, తెర మీద అన్నీ ఒకటే రంగు. తెల్లవారకముందు, రాళ్లు చల్లబడ్డాక ఎగరేయాలి. గుహల్లోకి తొంగిచూసేటప్పుడు ఎలుగుబంటి సంగతి మరిచిపోవద్దు, ముందు రాయి విసరండి.

అడుగుల విషయంలో మాత్రం మ్యాపు మూసేసి చెంచుల మాట వినండి. అప్పాపూర్, రాంపూర్ పెంటల్లో (చెంచుల గూడేల్లో) పెద్దవాళ్లు చూసే చూపు మనకు రాదు. మ్యాపు చేయగలిగిందల్లా వాళ్లను ఎక్కడ నిలబెట్టాలో చెప్పడం: ఫైర్ లైను ఒర్రెను దాటే చోటు, వాగులో ఇసుక మేట, దుమ్ము రోడ్డు. మనిషి ఏ వైపు పోయినా వాటిలో ఒకదాన్ని దాటక తప్పదు. దాటిన గుర్తు లేదంటే లోపలే ఉన్నాడు, వెతకాల్సింది సగానికి తగ్గుతుంది. ఎండ ఏటవాలుగా పడే పొద్దునా సాయంత్రమే అడుగులు కనిపిస్తాయి. రాత్రి అయితే టార్చి నేలకు ఆనించినట్టు పట్టుకోవాలి. వందమంది ఊరిజనం తొక్కాక ఎవరొచ్చినా లాభం లేదు, అందుకే మొదటి గంటలో ఆ చోట్లన్నిటా ఎవర్నో ఒకర్ని కాపలా పెట్టండి. ఇంటివాళ్ల దగ్గర అతని చెప్పుల అడుగు ఫోటో ఉంటే చాలా మేలు, లేకపోతే అలాంటి జతే కొన్న షాపులో తీయించండి.

మీ దోస్తుల సంగతి. జాతర రోజుల్లో తప్ప ఆ అడవిలోకి అనుమతి లేకుండా పోవడం నేరం, అది మీకు తెలిసే ఉంటుంది. జాతరకు పోయినా, జనంలో ఒకరు కనబడకపోతే అందరూ తలో దిక్కు వెతకడానికి పోవద్దు, అప్పుడు తప్పిపోయేది ఒకరు కాదు ముగ్గురు. ఒకరు చివరిసారి చూసిన చోటే ఉండాలి, ఒకరు బండి దగ్గర, ఇంకొకరు సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి 112కి చేయాలి, ఫారెస్ట్ చెక్‌పోస్టులో చెప్పాలి. మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రోడ్డు మూసేస్తారు కాబట్టి బయటి నుంచి మనుషుల్ని పిలిపించాలంటే ఆ టైము లెక్కలో పెట్టుకోండి.

మ్యాపులు ఇప్పుడే దించి పెట్టుకోండి. సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో ఓపెన్ సిరీస్ షీట్లు దొరుకుతాయి, పాత నంబర్లలో అమ్రాబాద్, శ్రీశైలం వైపు 56 ఎల్ కిందకు వస్తాయి. ఎవరి దగ్గరైనా పాత కాగితం షీటు ఉంటే అది ఎవరెస్ట్ డేటం మీద, అంటే జీపీఎస్ వాడేదానికి వేరైన పాత కొలత ఆధారం మీద గీసింది, ఫోను జీపీఎస్ చుక్కను నేరుగా దాని మీద పెడితే వంద మీటర్లకు పైనే పక్కకు పోతుంది. లోయ అంచున వంద మీటర్లంటే ఒర్రె మారిపోతుంది.

ఇంకొకటి, ఫోనులో చోటు చెప్పేటప్పుడు "పదహారు పాయింటు మూడు ఐదు" అని చెప్తే, అవతలివాళ్లు పదహారు డిగ్రీల ముప్పై ఐదు నిమిషాలు అని రాసుకోవడం నేను చూశాను. 16.35 డిగ్రీలంటే 16 డిగ్రీల 21 నిమిషాలు. తేడా 14 నిమిషాలు, నేల మీద సుమారు 26 కిలోమీటర్లు. అంకెలు నోటితో చెప్పకుండా మెసేజ్ పెట్టండి, అవతలివాళ్లు మ్యాపులో పెట్టి స్క్రీన్‌షాట్ తిరిగి పంపేదాకా ఫోను పెట్టేయకండి.